పదే పదే పడిపోయే మీట: ఇంటి కరెంటు లోపాన్ని మీరే వెతికి పట్టుకోవడం ఎలా

జూన్ నడుమ రజో పండుగకు ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో ఉయ్యాలలు కడతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే తొలకరి మొదలవుతుంది, దానితోపాటే నా ఫోను మోగడమూ మొదలవుతుంది. "బాబూ, మళ్లీ మీట పడిపోయింది, ఎత్తితే నిలవడం లేదు." మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పాత పెంకుటిళ్ల నుంచి, కొత్తగా లేచిన డాబాల నుంచి, కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి, సరిహద్దు దాటితే పాతపట్నం నుంచి కూడా ఇదే మాట. ఇరవై ఏళ్లుగా ఇళ్లలో కరెంటు పని చేస్తున్నాను. నన్ను ఎక్కువగా బాధపెట్టేది లోపం కాదు, నేను వెళ్లేసరికి ఆ లోపానికి జరిగిపోయి ఉన్న వైద్యం. పదహారు ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడే మీట) తీసి ముప్పై రెండుది పెట్టి ఉంటుంది. లేదా పడిపోతున్న ఆర్‌సీసీబీని (కరెంటు నేలలోకి లీకైతే పడే మీటను) పక్కకు తప్పించి వైర్లు నేరుగా కలిపి ఉంటాయి. మీట పడడం ఆగిపోయింది కాబట్టి ఇంటివాళ్లు నిశ్చింతగా ఉంటారు. లోపం మాత్రం గోడలో అలాగే ఉంటుంది.

అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. ఇందులో సగానికి పైగా పని స్క్రూడ్రైవరు పట్టకుండానే ఎవరైనా చేయవచ్చు. మీటలు దించడం, ఎత్తడం, ప్లగ్గులు పీకడం, చూడడం, వాసన పట్టడం, రాసుకోవడం మీ పని. బోర్డు మూత విప్పి వైర్లను ముట్టుకోవడం లైసెన్సు ఉన్న మిస్త్రి పని. మెయిన్ స్విచ్చు దించినా, మీటరు నుంచి ఆ స్విచ్చు పైభాగానికి వచ్చే వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుందని చాలామందికి తెలియదు. మీటరు సీలును ఎవరూ తాకకూడదు.

బోర్డు దగ్గరికి వెళ్లేముందు చేతులు తుడుచుకోండి, పొడి చెప్పులు వేసుకోండి, నేల తడిగా ఉంటే ఎండిన చెక్క పీట మీద నిలబడండి. పక్కన ఒక మనిషి ఉండాలి. బోర్డు నుంచి కాలిన వాసన వచ్చినా, మూత వేడిగా తగిలినా, లోపల చిటపట శబ్దం వినిపించినా వెతుకులాట అక్కడితో ఆపండి. మెయిన్ దించి మిస్త్రిని పిలవండి.

ఏది పడింది?

ఇంట్లో అందరూ "మెయిన్ పడిపోయింది" అంటారు. కానీ ఆ పెట్టెలో రెండు రకాల కాపలాదారులు ఉంటారు. ఇద్దరి పనీ వేరు. సన్నగా, ఒకే వెడల్పుతో వరుసగా ఉండేవి ఎంసీబీలు. వీటి మీద సీ16, సీ10, బీ6 వంటి అంకెలు ఉంటాయి. వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పారినా, షార్టు అయినా ఇవి పడతాయి. రెండు ఎంసీబీల వెడల్పుతో, చిన్న పరీక్ష బొత్తాంతో ఉండేది ఆర్‌సీసీబీ. ఫేజు గుండా వెళ్లిన కరెంటు, న్యూట్రల్ గుండా తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయో లేదో మాత్రమే ఇది చూస్తుంది. తేడా వచ్చిందంటే కొంత కరెంటు మరో దారిన, అంటే తడిగోడ గుండానో, గీజరు ఒంటి గుండానో, మనిషి గుండానో నేలలోకి పోతోందని అర్థం. ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ మీద 30 మిల్లీ ఆంపియర్లు అని ఉంటుంది. నిజానికి అది పదిహేనుకూ ముప్పైకీ మధ్య ఎక్కడైనా పడవచ్చు. లోడు ఎక్కువైతే మాత్రం ఆర్‌సీసీబీ పట్టించుకోదు, లీకేజీని ఎంసీబీ పట్టించుకోదు. కాబట్టి ఏది పడిందో తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

ఒక చిన్న విషయం. కొన్ని రకాల ఎంసీబీలు పడినప్పుడు మీట పూర్తిగా కిందికి రాదు, నడుమలో ఆగుతుంది. దాన్ని పైకి తోస్తే నిలవదు. ముందు టక్కుమని వినబడేదాకా కిందికి నొక్కి, ఆ తర్వాత ఎత్తాలి. "కొత్త ఎంసీబీ కావాలి" అని నన్ను పిలిచిన ఇళ్లలో కొన్నిచోట్ల నేను చేసిన మరమ్మతు ఇంతే.

ఎత్తిన ఎంసీబీ వెంటనే మళ్లీ పడితే రెండోసారి ఎత్తకండి. షార్టు ఉన్న చోట మీట ఎత్తిన ప్రతిసారీ లోపల ఒక మెరుపు పుడుతుంది.

ఎప్పుడు పడింది?

ఫ్రిజ్ పక్కన ఒక కాగితం, పెన్సిలు వేలాడదీయండి. పడిన ప్రతిసారీ తేదీ, గంట, అప్పుడు నడుస్తున్న వస్తువులు, వాన ఉందా లేదా రాయండి. వారం రోజుల కాగితం చూస్తే నాకు ఇంటికి వెళ్లకముందే సగం సంగతి తెలిసిపోతుంది. స్విచ్చు వేయగానే టప్పున ఎంసీబీ పడితే షార్టు. ఇరవై నిమిషాలకో గంటకో పడితే లోడు ఎక్కువైంది, లేదా స్క్రూ వదులైంది. స్నానానికి గీజరు వేసిన కాసేపటికి ఆర్‌సీసీబీ పడితే గీజరు కాయిల్. వాన వచ్చిన రాత్రుల్లోనే పడితే బయటి దీపమో, డాబా మీది పెట్టెనో, బోరు మోటారు జాయింటో. ఉరుముతో పాటే ఒక్కసారి పడి, ఎత్తగానే నిలిస్తే లోపం లేకపోవచ్చు. పిడుగు దూరంలో పడినా లైన్లలోకి వచ్చే ఉద్ధృతికి ఆర్‌సీసీబీ కదులుతుంది. మన కొండల వైపు ఏప్రిల్, మే నెలల సాయంత్రపు గాలివానలకు ఇది మామూలే. మబ్బు పట్టగానే టీవీ, ఇన్వర్టర్ ప్లగ్గులు పీకడం మంచిది.

ఎంసీబీ పడుతుంటే

మొదట లెక్క. వస్తువు మీద రాసిన వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లు, కెటిల్ 1500, మిక్సీ 750. మూడూ ఒకే లైను మీద ఉన్న వంటింట్లో పొద్దున్నే మూడూ కలిసి నడిస్తే 4250 వాట్లు, అంటే దాదాపు 18.5 ఆంపియర్లు. పదహారు ఆంపియర్ల ఎంసీబీ దీన్ని వెంటనే ఆపదు. రాసిన విలువకు 1.13 రెట్ల వరకు అది గంటసేపు ఓర్చుకోవాలి, 1.45 రెట్లయితే గంటలోపు పడిపోవాలి, అదీ ప్రమాణం. అంటే 18 దాకా నిలబడుతుంది, 23 దాటితే పడుతుంది, నడుమ ఉన్నప్పుడు దాని ఇష్టం. లెక్కలన్నీ 30 డిగ్రీల వేడికి కట్టినవి కాబట్టి మే నెలలో, పొయ్యి పక్క గోడకు మూసిన పెట్టెలో ఉన్న ఎంసీబీ ఇంకా ముందే చేతులెత్తేస్తుంది. అలాంటి ఇంట్లో లోపమేమీ లేదు. కెటిల్‌ను వేరే లైను మీదికి మార్చితే చాలు. శాశ్వతంగా కావాలంటే వంటింటికి మరో లైను లాగించాలి.

ఎంసీబీని పెద్దది చేయడం గురించి నేను గట్టిగానే చెబుతాను. ఎంసీబీ కాపాడేది వస్తువును కాదు, గోడలోని వైరును. దీపాలకూ ఫ్యాన్లకూ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసి 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ పెడతాం. పెద్ద సాకెట్లకు 2.5 వైరు, 16 ఆంపియర్లు. ఏసీకి 4 వైరు, 20 లేదా 25. వైరును మార్చకుండా అంకెను మాత్రమే పెంచితే ఆ పైన కాలేది వైరే. మా ఊరి పాత పెంకుటిళ్లలో వైరు ఇంకా చెక్క బద్దీల మీద, దూలాల వెంబడి పోతుంది. దాని పక్కనే ఎండిన కలప, పైన తాటాకు చూరు. అక్కడ వైరు వేడెక్కితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఎంసీబీ మార్పు న్యాయమైనదే. మోటారు, ఏసీ కంప్రెసరు మొదలయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు ఒక్క క్షణం లాగుతాయి. బీ రకం ఎంసీబీ తన మీద రాసిన విలువకు మూడు నుంచి ఐదు రెట్ల దగ్గరే వెంటనే పడుతుంది, సీ రకం ఐదు నుంచి పది రెట్ల దాకా ఆగుతుంది. అందువల్ల మోటారు వేయగానే పడే బీ16 స్థానంలో సీ16 పెట్టించవచ్చు. అంకె అదే, అక్షరమే మారుతుంది. సాయంత్రం పూట వోల్టేజీ బాగా తగ్గే ఊళ్లలో మోటారు తిరగలేక ఎక్కువ కరెంటు లాగి ఎంసీబీని పడేయడమూ ఉంది. అప్పుడు మోటారును వోల్టేజీ బాగున్న వేళకు మార్చుకోవడమే మందు.

లోడు లెక్క సరిపోయినా పడుతుంటే వదులు స్క్రూను అనుమానించండి. ఎంసీబీ లోపల వేడికి వంగే లోహపు పట్టీ ఉంటుంది. ఆ వేడి కరెంటుదా, పక్కన వదులైన స్క్రూదా అన్నది దానికి తెలియదు. మూత పైనుంచే గుర్తులు కనిపిస్తాయి. ప్లాస్టిక్ మీద గోధుమ రంగు మచ్చ, చేప వాసన లాంటి ఘాటు, పక్క ఎంసీబీల కన్నా ఒకటే వెచ్చగా ఉండడం. మిస్త్రి వచ్చి మెయిన్ దించి, వైరు చివర కాలిన ముక్క కత్తిరించి, కొత్త రాగి తేలేలా తొడుగు తీసి బిగించాలి.

ఆర్‌సీసీబీ పడుతుంటే

అసలు ఓపిక కావలసింది ఇక్కడే. పద్ధతి ఇది. అన్ని ఎంసీబీలూ దించండి. ఆర్‌సీసీబీని ఎత్తండి. నిలిస్తే ఎంసీబీలను ఒక్కొక్కటిగా, నడుమ ఒక నిమిషం ఆగి ఎత్తండి. ఏది ఎత్తినప్పుడు పడిందో ఆ లైనును గుర్తు పెట్టుకోండి. ఆ ఎంసీబీ దించి, ఆ లైను మీద ఉన్న ప్లగ్గులన్నీ పీకండి. స్విచ్చు ఆపితే సరిపోదు, ప్లగ్గు బయటికి రావాలి. మళ్లీ ఎత్తండి. ఇప్పుడు నిలిస్తే లోపం వస్తువులో ఉంది, ఒక్కొక్క ప్లగ్గు పెట్టుకుంటూ దొరకబుచ్చుకోవచ్చు. ప్లగ్గులేవీ లేకున్నా పడితే లోపం వైరింగులో, లేదా గీజరు, బయటి దీపం వంటి నేరుగా కలిపిన వాటిలో ఉంది.

చాలామంది మిస్త్రిలు కూడా ఇక్కడే తడబడతారు. మన ఇళ్లలోని ఎంసీబీలు ఎక్కువగా ఫేజును మాత్రమే తెంచుతాయి, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. ఎక్కడైనా న్యూట్రల్ వైరు ఎర్తును తాకుతుంటే, ఆ లైను ఎంసీబీ దించినా ఆ తాకిడి పోదు. అన్నీ దించినప్పుడు ఆర్‌సీసీబీ నిలవవచ్చు కూడా. వేరే లైను మీద ఏదైనా బరువైన వస్తువు వేయగానే, దాని కరెంటులో కొంచెం న్యూట్రల్ గుండా రాకుండా ఆ తాకిన చోటు నుంచి నేలలోకి జారుతుంది. ఆర్‌సీసీబీ పడుతుంది. నింద మాత్రం వేసిన వస్తువు మీద పడుతుంది.

మా వీధిలో ఒక పిన్నిగారింట్లో ఇదే జరిగింది. ఇస్త్రీపెట్టె వేస్తే ఆర్‌సీసీబీ పడుతోంది. కొత్త ఇస్త్రీపెట్టె కొన్నారు, అదీ పడేసింది. "రెండూ పాడైనవేనా బాబూ?" అని ఆవిడ దిగులుగా అడిగారు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె 4.3 ఆంపియర్లు లాగుతుంది. అందులో నూటికి ఒక వంతు కూడా పక్కదారి పట్టనవసరం లేదు, ఆర్‌సీసీబీ పడడానికి 30 మిల్లీ ఆంపియర్లు చాలు. మెయిన్ దించి, న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ, అంటే న్యూట్రల్ లింకు నుంచి ఒక్కొక్క లైను వైరు విడదీస్తూ, వైరు తొడుగును పరీక్షించే మెగ్గరును ఆ వైరుకూ ఎర్తుకూ మధ్య పెట్టి చూశాను. నాలుగో వైరు దగ్గర ముల్లు సున్నాకు పడిపోయింది. అది వరండా దీపం లైను. ఆ దీపం రెండు నెలలుగా వెలగడం లేదట, ఎవరూ పట్టించుకోలేదు. నిచ్చెన వేసి ఇనుప బ్రాకెట్ విప్పితే లోపల ఒక ఎండిన బల్లి, పక్కనే నల్ల న్యూట్రల్ వైరు. బ్రాకెట్ అంచు రాపిడికి తొడుగు గోరంత మేర తెగిపోయి, రాగి ఇనుముకు అంటుకుని పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ చిన్న తావు సరిచేశాక పిన్నిగారి రెండు ఇస్త్రీపెట్టెలూ పనిచేశాయి.

కాబట్టి ఏ వస్తువు వేసినా ఆర్‌సీసీబీ పడుతుంటే, వస్తువుల మీద డబ్బు పెట్టకండి. మిస్త్రితో "న్యూట్రల్, ఎర్తు ఎక్కడో కలిశాయి, మెగ్గరుతో చూడండి" అని చెప్పండి. మెగ్గరు 500 వోల్టులతో తొడుగును పరీక్షిస్తుంది. చిన్న బ్యాటరీతో నడిచే మల్టీమీటరుకు చెమ్మ లీకేజీలు సాధారణంగా దొరకవు. మెగ్గరులో ఒక మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే ఆ లైను బాగుచేయవలసిందే.

ఇన్వర్టర్ పెట్టించిన మర్నాటి నుంచి పడుతుంటే అనుమానం మరోవైపు. ఇన్వర్టర్‌కు ఫేజును ఆర్‌సీసీబీకి ముందు నుంచి తీసుకుని, ఆ దీపాల న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీ తర్వాతి లింకులో కలిపితే, వెళ్లినది ఒక దారి, తిరిగి వచ్చేది మరో దారి అవుతుంది. దీపం వేయగానే పడుతుంది. ఇన్వర్టర్ లైన్ల న్యూట్రల్‌కు విడిగా ఒక లింకు పెట్టాలి. రెండు ఆర్‌సీసీబీలున్న ఇళ్లలో ఒకదాని న్యూట్రల్ మరొకదానిలో కలిసినా ఇదే తంతు.

ఇక వాన కాలపు అనుమానితులు. గీజరు కాయిల్ పైపొర తుప్పుపట్టి పగిలితే లోపలి పొడికి నీరు తగులుతుంది. బోరు మోటారు కేబుల్ జాయింటు నీళ్లలో వదులవుతుంది. డాబా మీది జంక్షన్ పెట్టె మూత లేకుండా ఉంటుంది. పెంకు జారిన చోట కారిన నీరు స్విచ్చు బోర్డు వెనుకకు చేరుతుంది, ఎండాక ఏమీ తెలియదు. అటక మీద ఎలుకలు కొరికిన వైరు కూడా పొడిగా ఉన్నంతకాలం నోరు మెదపదు. తడి బోర్డును విప్పించి పూర్తిగా ఆరేదాకా ఆ లైను ఎంసీబీ దించే ఉంచండి.

ఏ లోపమూ దొరక్కుండా వారానికి ఒకసారి పడే ఇళ్లూ ఉన్నాయి. కంప్యూటర్, టీవీ, వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్ ఏసీ, ఒక్కొక్కటీ బాగున్నా కొద్దికొద్దిగా ఎర్తులోకి వదులుతుంటాయి. అన్నీ కలిసి పది పన్నెండు మిల్లీ ఆంపియర్లకు చేరితే ఆర్‌సీసీబీ అంచు మీద నిలబడినట్టే. అప్పుడు దాన్ని 100 మిల్లీ ఆంపియర్లదిగా మార్చకండి, మనిషి ప్రాణానికి ఆ అంకె పనికిరాదు. ఇంటిని రెండుగా విడదీసి రెండు 30 మిల్లీ ఆంపియర్లవి పెట్టించండి.

రాతినేల, ఎర్తు

గజపతి, రాయగడ జిల్లాల్లో ఇల్లు కట్టినవాళ్లకు తెలుసు, గడ్డపార నాలుగు అడుగులు దిగకముందే రాయి తగులుతుంది. ఎర్తు గొట్టం రెండున్నర మీటర్లు దిగాలి, చాలాచోట్ల సగమే దిగుతుంది. రాతినేల కరెంటును సులువుగా పోనివ్వదు. ఇక్కడ ఒక లెక్క చూడండి. ఎర్తు నిరోధం 20 ఓమ్‌లు ఉందనుకుందాం. గీజరు ఒంటికి ఫేజు తగిలితే పారేది 230ని 20తో భాగించగా వచ్చే 11.5 ఆంపియర్లు. పదహారు ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడులా కనిపిస్తుంది, పడదు. గీజరు ఒంటి మీద కరెంటు అలాగే ఉంటుంది. అదే ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే ఎర్తు నిరోధం 200 ఓమ్‌లున్నా 1.15 ఆంపియర్లు పారుతుంది, దానికి కావలసినదానికి ఇది ముప్పై ఎనిమిది రెట్లు. ఆ క్షణమే పడిపోతుంది. మన నేలలో ఆర్‌సీసీబీని తప్పించడం ఎందుకు ప్రమాదమో ఈ లెక్కలో ఉంది.

ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేయించి, ఎండాకాలం వారానికి రెండు బిందెల నీళ్లు పోయండి. ఒకటి చాలకపోతే కొంత దూరంలో మరొకటి దించి రెండింటినీ కలపవచ్చు. ఎర్తు లేదని సాకెట్టులో న్యూట్రల్‌ను ఎర్తు పిన్నుకు కలిపే పని ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోకండి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్, మోటారు, గీజరు ఒళ్లన్నీ కరెంటుతో నిండుతాయి.

నెలకొకసారి ఆర్‌సీసీబీ పరీక్ష బొత్తాం నొక్కండి. పడకపోతే అది చచ్చినట్టే, మార్చాలి. ఈ బొత్తాం ఎర్తు బాగుందో లేదో చెప్పదు, దానికి ఎర్తు టెస్టరు వేరే కావాలి.

లోపం ఇంట్లో లేకపోతే

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఇలాంటివి చాలా చూశాను. కొన్ని దీపాలు మసకబారి, కొన్ని మామూలుకన్నా తెల్లగా మండుతుంటే, ఫ్యాను ఒక్కసారిగా వేగం పెంచితే, ఆలోచించకుండా మెయిన్ దించండి. బయట న్యూట్రల్ వదులై ఉంటుంది, మూడు ఫేజుల లైనులో 230 రావలసిన చోటికి 300 దాటి రావచ్చు. పక్కింటివాళ్లనూ పిలిచి చెప్పండి. స్తంభం నుంచి మీటరు దాకా ఉన్నది విద్యుత్ సంస్థ బాధ్యత, 1912కు ఫిర్యాదు చేసి నంబరు రాసుకోండి.

మిస్త్రి వచ్చినప్పుడు కాగితం చూపించండి, ఏ మీట, ఏ వేళ, ఏ ప్లగ్గు పీకితే నిలిచింది అన్నది చెప్పండి. పని అయ్యాక బోర్డు మూత లోపలివైపు ఒక కాగితం అతికించి ఏ ఎంసీబీ ఏ గదిదో రాయించండి. మా వైపు ఆ కాగితం తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. వచ్చే ఏడాది తొలకరికి ఆ మూత తెరిచే మనిషికి ఏ లిపి వస్తుందో మనకు ముందే తెలియదు.